దొరసాని బొట్టు

ఫల్గుణ తన చేత్తో వేసిన ఆడవాళ్ళ మొహాలన్నీ ఒకచోట చేరిస్తే ఓ ఊరవుతుంది. చూపించమంటే మాత్రం ఒక్కటీ లేదు.

మీసం మొలవని వయసులో కిరండూల్ ప్యాసింజరెక్కి అరకులోయ నుంచి విశాఖపట్నంలో దిగి, సినిమా బ్యానర్లు రాసే కంపెనీలో చేరాడు. అక్కడో పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చినవాడు రంగులు కలపాలి, బొమ్మ పెంచి దించడానికి గుడ్డ మీద గళ్ళు కొట్టాలి, చీరలకీ చొక్కాలకీ రంగు నింపాలి. మొహం జోలికి పోకూడదు. మొహం మేస్త్రిది. ఫల్గుణ చేతులూ కాళ్ళూ వేసి, విలన్లని దాటుకుని, హీరోయిన్ దాకా వచ్చేసరికి చెంపలు నెరవడం మొదలైంది. అప్పుడైనా బొమ్మ కింద పడేది కంపెనీ పేరే. సినిమా వెళ్ళిపోగానే ఆ గుడ్డ దింపి, తెల్లపూత పూసి, దాని మీదే ఇంకో సినిమా వేసేవాళ్ళు. పట్టుచీర కట్టిన పెళ్ళికూతురి మీద మరుసటి వారం కత్తి పట్టిన రౌడీ లేచేవాడు. తన బొమ్మని తన చేత్తోనే తెల్లపూత కొట్టి చెరిపేటప్పుడు మొదట్లో ప్రాణం ఒప్పేది కాదు. తర్వాత అలవాటైందనుకున్నాడు గానీ, కాలేదు.

ఆ తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. మేస్త్రి కంపెనీ మూసేసి కొడుక్కి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టించాడు. ఫల్గుణ మళ్ళీ కొండెక్కి, కొట్ల బోర్డులూ, ఆటోల వెనక పేర్లూ, దోమతెర కట్టుకోండని గోడల మీద నినాదాలూ రాస్తూ బతుకుతున్నాడు. గోడ మీది రాత రెండు వానాకాలాలు నిలవదు. తను పోయాక కూడా ఉండే బొమ్మ ఒక్కటి, కింద తన పేరుతో, ఎక్కడో ఒకచోట గోడకి వేలాడాలి. జీలుగు కల్లు తాగినప్పుడల్లా పెళ్ళాం రాజకుమారికి అతను చెప్పుకునేది ఇదే. ఆమె ప్రతిసారీ ఊ కొట్టేది.

అలాంటివాడికి సర్వేశ్వరరావు దగ్గర్నుంచి కబురొచ్చింది.

సర్వేశ్వరరావుది పార్వతీపురం. బియ్యం మిల్లులున్నాయి, లారీలున్నాయి, ఇప్పుడు అరకులో రిసార్టు కూడా లేస్తోంది. ఏజెన్సీలో గిరిజనులు కాని మైదానం వాళ్ళు స్థలం కొనకూడదు కాబట్టి కాగితాల మీద ఆ స్థలం వాచ్‌మన్ సోమన్నది. సోమన్న తన సొంత స్థలానికి తానే గేటు తీసి, లోపలికొచ్చే కార్లకి సెల్యూట్ కొడుతుంటాడు. పేరొకరిది, పెత్తనమొకరిది. ఏజెన్సీలో ఇదేమీ వింత కాదు.

సర్వేశ్వరరావు బావమరిది ఏదో విదేశీ ఓడ కంపెనీ వాళ్ళిచ్చిన పెద్ద క్యాలెండరు తెచ్చాడు. నెలకొక దొరో దొరసానో. రెండొందల ఏళ్ళ కిందటి యూరపు జమీందార్లట. తన భోజనాల హాల్లో అడుగుపెట్టినవాడికి మహారాజు కొంపలోకి వచ్చినట్టుండాలని సర్వేశ్వరరావు కోరిక. అందులో మే నెల దొరసాని ఆయనకి నచ్చింది. పల్చటి తెల్లగౌను, గుండెల కింద నడికట్టు, ఖాళీ చేతులు, మోచేతి మీదికి జారిన ఎర్ర శాలువా. నగ లేదు, నట్ర లేదు. వచ్చిందెవరో చూద్దామన్నట్టు తల తిప్పి సోఫాలో ఓ పక్కకి ఒరిగి కూర్చుంది.

“అచ్చు ఇలాగే ఉండాల, నిలువెత్తున,” అన్నాడు సర్వేశ్వరరావు. “ఫ్లెక్సీ కొట్టించీవొచ్చు. కానీ సేత్తో ఏయించినామని గెస్టులకి సెప్పుకోవాల గదా. కింద నీ పేరు కూడా రాసుకో.”

పేరన్న మాట చెవిన పడ్డాక ఫల్గుణ ఇంకేమీ అడగలేదు. ఎంతిస్తారన్నది కూడా అడగలేదని రాజకుమారి ఆ తర్వాత చాలాకాలం దెప్పింది.

జనరేటరు గదిలో చోటిచ్చారు. కాన్వాసు బిగించి, గళ్ళు కొట్టి, దొరసానిని దించడం వరకూ బాగానే జరిగింది. రంగు దగ్గర మొదలైంది తంటా. బ్యానరు బొమ్మ రోడ్డు అవతల నుంచి చూసేది. చెంప మీద ఓ నీలం దెబ్బ, ముక్కు పక్కన ఓ గులాబీ దెబ్బ కొడితే చాలు, మొహం వెలిగిపోతుంది. ఈ దొరసాని దగ్గర అలాంటి వేషాలు కుదరవు. క్యాలెండరుని ముక్కుకి ఆనించుకుని చూసినా కుంచె ఎక్కడ పడిందో, ఎక్కడ లేచిందో అంతుపట్టలేదు. ఆ గీసినవాడెవడో చర్మాన్ని చర్మంలాగే వదిలేశాడు. ఫల్గుణ చెయ్యి మాత్రం పుట్టుబుద్ధి పోనిచ్చుకోలేదు, దెబ్బలే కొట్టింది. సర్వేశ్వరరావు వచ్చి చూసి, ఐటం సాంగు గుంటలా ఉందని నవ్వి పోయాడు. ఆయన జీపు గేటు దాటక ముందే ఫల్గుణ కత్తి తీసుకుని మొహమంతా గీకేశాడు.

మళ్ళీ వేశాడు. మళ్ళీ గీకాడు. అరకు చలికి నూనెరంగు బేగి ఆరదు. ఆరేలోగా దీపప్పురుగులు వచ్చి దొరసాని మెడకి అతుక్కునేవి. సూదితో ఒకదాన్ని తీసి, ఆ చోటు నునుపు చేసి, ఇటు తిరిగేసరికి ఇంకోటి. దానికి తోడు జనరేటరు పొగ. కుంచె గోడకేసి కొట్టి ఇంటికి పోయిన రోజులున్నాయి. పొద్దున్నే మళ్ళీ తనే వచ్చి, బల్ల కింద దూరి దాన్ని వెతుక్కునేవాడు.

అన్నిటికన్నా ఆ తెల్లగౌను ప్రాణం తీసింది. డబ్బా డబ్బా తెల్లరంగు పోసినా సున్నం కొట్టిన గోడలాగే ఉండేది తప్ప గుడ్డలాగ లేదు. ఒకరోజు తెల్లారి బయట పళ్ళు తోముకుంటూ లోయలో మంచు చూస్తుంటే అతని బుర్రకెక్కింది. తెలుపులో తెలుపు చాలా తక్కువ. బూడిద ఉంది, నీలం ఉంది, ఎండ తగిలిన చోట వలిసెపువ్వు పసుపుంది. నోట్లో వేపపుల్లతోనే గదిలోకి పరిగెత్తాడు.

బొమ్మ పూర్తయిన రోజున తనే నమ్మలేకపోయాడు. ఇది నా చేతిదేనా అని చెయ్యి తిప్పి చూసుకున్నాడు. కింద కుడి మూల సన్నగా ‘ఫల్గుణ, అరకు’ అని నూనెరంగుతో రాసి, పోయి రాజకుమారిని పిలుచుకొచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది.

“ఇంత సలిలో సేతులు కప్పుకోకుండా కూకుంది, దీనికి జొరమొచ్చీగల్దు,” అంది. మళ్ళీ తనే, “మనిషి ఉన్నట్టే ఉన్నాది,” అంది. ఆ రాత్రి ఫల్గుణ కల్లు ముట్టలేదు, అవసరం పడలేదు.

దొరసాని భోజనాల హాల్లోకి మారింది, గుమ్మానికి సరిగ్గా ఎదురుగా. ప్రారంభానికి ముహూర్తం పెట్టించుకుని సర్వేశ్వరరావు భార్య జయశ్రీ పార్వతీపురం నుంచి వచ్చింది. వంటవాళ్ళనీ, పూలవాళ్ళనీ పురమాయించుకుంటూ హాల్లోకి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇదేటండీ,” అంది భర్తతో, “బొట్టు లేని మనిషిని గుమ్మానికి ఎదురుగా కూకోబెట్టారు?”

అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఆమె అన్నాక తట్టకుండా ఉండటం ఎవరి వల్లా కాలేదు. తెల్లబట్ట. బోసి మెడ. బోసి చేతులు. నుదురు చూస్తే తుడిచినట్టుంది. శుభమా అని హోటలు తెరుస్తూ, వచ్చే ప్రతివాడికీ మొదట విధవనే ఎదురు రప్పిస్తారా అని జయశ్రీ గొంతు పెంచకుండానే అడిగింది. ఫల్గుణకి తన తల మీద తానే మొట్టుకోవాలనిపించింది. బ్యానర్ల మీద ఎంతమంది హీరోల తల్లులకి తెల్లచీర కట్టలేదు తను! కానీ ఇంటి దగ్గర అతను చూసింది వేరు. అతని తండ్రి పోయాక తల్లి పూసలు తియ్యలేదు, ముక్కుపుడకలు తియ్యలేదు. రెండేళ్ళకి మళ్ళీ మనువాడితే ఊరంతా వచ్చి తిని, తాగి, థింసా నాట్యమాడి పోయారు. మొగుడు పోయిన మనిషి మొహం చూస్తే చెడు జరుగుతుందన్న మాట కొండ మీద అతను విని ఎరగడు.

ఆ దేశంలో తెలుపంటే గొప్పోళ్ళ బట్ట అమ్మగారూ, బొట్టన్నదే ఆళ్ళకి తెల్దు అని నచ్చజెప్పబోయాడు.

“ఆళ్ళ దేశంలో ఉంటే ఆళ్ళిష్టం. ఇది మా గుమ్మం గదా,” అంది జయశ్రీ. తర్వాత గొంతు తగ్గించింది. “నా పెళ్ళిలో మాయమ్మ తలుపెనక నిలబడి సూసింది నాయనా. అచ్చింతలు కూడా ఎయ్యనివ్వలేదు. ఆ తెలుపు నాకు తెలుసు.”

ఆమె డబ్బు మదంతో ఏ మాటో తూలి ఉంటే ఎంత బాగుండేది! ఫల్గుణ మనసారా తిట్టుకునేవాడు. ఇప్పుడు కోపం వస్తోంది గానీ దాన్ని ఎవరి మీద దింపాలో తెలియడం లేదు. సర్వేశ్వరరావు అతని భుజం మీద చెయ్యి వేసి, ఓ బొట్టు, నల్లపూసలు, చేతికి రెండు గాజులు, పూట పని, దానికింత ఆలోచనేమిటన్నాడు.

పూట పనే. ఆ నుదురు నున్నగా రావడానికి ఎన్నిసార్లు గీకాడో ఆయనకి తెలియదు. ఆ మెడ మీద వెలుగు ఎక్కడ మొదలై ఎక్కడ నీడలో కలిసిందో వెతకడానికి కళ్ళెంత నలిపాడో తెలియదు. మళ్ళీ తన చేత్తోనే తన బొమ్మ చెరపాలి. బ్యానర్ల కంపెనీ విశాఖలో మూతపడి అరకులో తెరుచుకున్నట్టయింది. ఇంటికి పోయి అన్నం కంచం ముందు కూర్చుని రాజకుమారి మీద విరుచుకుపడ్డాడు. తన నుదుట కూడా బొట్టుంది, తనేం తక్కువైందని ఆమె అడిగింది. అది కాదే నా బాధ అన్నాడు. మరేటి నీ బాధ అంది. చెప్పడం చేతకాక చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ చెయ్యి కడుక్కుంటుంటేనే ఉపాయం తోచింది. నీళ్ళరంగు! బళ్ళో పిల్లలు వాడే పోస్టర్ కలరు. మామూలుగా అది నూనెరంగు మీద నిలవదు, పూసలు పూసలుగా జారిపోతుంది. కానీ కాస్త సబ్బునురగ కలిపితే పట్టుకుంటుంది. బ్యానర్ల కంపెనీలో సినిమా ఆడుతుండగా బ్యానరు మీది హీరోకి గడ్డం పెట్టాల్సి వచ్చినప్పుడు మేస్త్రి చేసే పని అది. ప్రారంభం అయిపోతుంది, జయశ్రీ పార్వతీపురం వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఒక్క తడిగుడ్డ పడితే దొరసాని ఎప్పటిలా అయిపోతుంది. ఎవరడుగుతారు?

మర్నాడు బొట్టు పెట్టాడు. నల్లపూసలు, గాజులు వేశాడు. జయశ్రీ చూసి తృప్తిగా దండం పెట్టుకుంది. ప్రారంభం నాడు తాంబూలంలో పెట్టి చొక్కాగుడ్డ ఇచ్చింది. ఫల్గుణ వంగి అందుకుంటూ లోలోపల నవ్వుకున్నాడు. ఆ నవ్వుకి ఆయుష్షు ఒక్కరోజే.

తానొకటి తలిస్తే దైవమొకటి తలిచినట్టు, జయశ్రీ ఆ సాయంత్రం ఊరికి బయల్దేరలేదు. ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే సర్వేశ్వరరావు చుట్టాలని విశాఖలో దింపడానికి కారు తీసుకుని ఘాట్ దిగాడు. రోడ్డు కనపడనంత మంచు. ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి దొరసాని నుదుట బొట్టు లేదు. ఎర్రటి చార ఒకటి ముక్కు మీదుగా కిందికి దిగి ఉంది. మెడలో నల్లపూసలు లేవు.

జీపొచ్చి ఫల్గుణని ఉన్నపళంగా ఎక్కించుకుపోయింది.

హాల్లో జయశ్రీ నేల మీద కూర్చుని ఉంది. చెయ్యి తన పుస్తెల మీద ఉంది, అక్కణ్ణుంచి కదలడం లేదు. ఎదురుగా గదులు ఊడ్చే గంగ తడిగుడ్డ పట్టుకుని ఏడుస్తోంది. దుమ్ము పడిందని తుడిచానే తప్ప ఇంకేమీ చెయ్యలేదని అందరికీ ఒట్లు పెడుతోంది. నూనెరంగు నీళ్ళకి పోదని అక్కడ వంటవాళ్ళతో సహా అందరికీ తెలుసు. గంగ రోజూ తుడిచే గేటు రంగు పోయిందా? కిటికీల రంగు పోయిందా? బొట్టే ఎందుకు పోయింది, నల్లపూసలే ఎందుకు పోయాయి? సర్వేశ్వరరావు ఫోను కలవడం లేదు. ఘాట్‌లో సిగ్నలుండదని తెలిసినా ఎవరూ ఆ మాట గట్టిగా అనడం లేదు.

“ఆయన ఇంకా కిందికి దిగలేదు,” అంది జయశ్రీ, ఎవరినీ చూడకుండా. “దీన్ని బయటికి తీసుకెళ్ళి కాల్చీండి. బేగి.”

సోమన్న, వంటవాడు కలిసి పటానికి చెరోపక్కా చెయ్యి వేశారు. ఫల్గుణకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే బొమ్మ బూడిదవుతుంది, గంగ పని పోతుంది, ఈ తల్లి గుండె ఫోను మోగేదాకా తట్టుకుంటుందో లేదో తెలియదు. నోరు తెరిస్తే తను మోసగాడు.

“ఆపండి,” అన్నాడు. “అమ్మగారూ, అది నీళ్ళరంగు. కావాలనే ఏసినాను. మీరు ఎల్లిపోనాక తుడిచీద్దామని. గంగ తప్పేటీ లేదు, అపశకునమూ కాదు.”

నమ్మకం కలగడానికి వేలు తడిచేసి దొరసాని చేతి గాజు మీద రాశాడు. గాజు వేలికంటుకుని వచ్చేసింది. గంగ ఏడుపాపి నోరు తెరుచుకుని చూసింది.

జయశ్రీ అతని వేలి మీది రంగునే చూసింది.

“నా పసుపుకుంకాల్తో ఆటలాడినావు ఫల్గుణా,” అంది.

“లేదమ్మగారూ. నా బొమ్మ కోసం,” అన్నాడు. ఇంకా చాలా చెప్పాలనుకున్నాడు. తెల్లపూత గురించి, రౌడీల కింద కప్పబడిపోయిన పెళ్ళికూతుళ్ళ గురించి. ఆ పుస్తెల మీద చెయ్యి చూశాక, రంగంటిన వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. సిగ్గేసింది. సిగ్గు కింద కోపం అలాగే ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చని అతనికి అంతకు ముందు తెలియదు.

అప్పుడు ఫోను మోగింది. సర్వేశ్వరరావు ఘాట్ దిగి శృంగవరపుకోటలో ఇడ్లీలు తింటున్నాడు. జయశ్రీ బయటికి వెళ్ళి మాట్లాడి, మొహం కడుక్కుని, మళ్ళీ బొట్టు దిద్దుకుని లోపలికొచ్చి కుర్చీ వేసుకుంది. కాల్చక్కర్లేదంది. మనిషి మీద పగ కూడా లేదంది.

“నూనెరంగు తెచ్చుకో. ఇప్పుడే, నా ఎదర ఎయ్యి. ఇంక ఎన్నటికీ పోకూడదు.”

వేశాడు. చెడగొట్టాలనుకున్నా చెయ్యి మాట వినలేదు. నుదురు ఒంపుకి తగ్గట్టు బొట్టు ఒక పక్క కాస్త ముదురుగా, వెలుగు పడే పక్క లేతగా దిద్దింది. నల్లపూసల నీడ మెడ మీద సన్నగా పడింది. దొరసాని పుట్టిందే ఆ బొట్టుతో అన్నట్టు కుదిరిపోయింది. అదే అతన్ని ఎక్కువ మండించింది. ఎవడో వచ్చి పులిమినట్టుంటే, కనీసం చూసేవాడు అడుగుతాడు. ఇప్పుడు ఎవడడుగుతాడు? జయశ్రీ బాగుందని లేచి వెళ్ళాక, కుడి మూల ఉన్న తన పేరుని కత్తిమొనతో గీకి, సోఫా రంగు పూసి కప్పేశాడు.

మర్నాడు సర్వేశ్వరరావు వచ్చాడు. జరిగిందంతా విని పడీపడీ నవ్వి, ఇదే గెస్టులకి కథలా చెబుతానన్నాడు. మిగతా పదకొండు నెలలూ కూడా వెయ్యమన్నాడు. దొరల మూతులు నున్నగా బాగాలేవు, వాళ్ళకి మీసాలు పెట్టమన్నాడు. తర్వాత పటం దగ్గరికి వంగాడు.

“నీ పేరేదిరా? ఉండాల గదా. మన ఏజెన్సీ ఆర్టిస్టని అందరికీ సూపించుకుంటాను. ఈసారి కాస్త పెద్దగా రాయి.”

ఫల్గుణ ఆయన మొహంలోకి చూశాడు. అందులో వెటకారం లేదు, ఇష్టంగానే అన్నాడు. సరే బాబూ అని జనరేటరు గదిలోకి పోయి, పోస్టర్ కలరు డబ్బా మూత తీసి, చెంచాడు సబ్బునురగ కలుపుకొచ్చాడు. కుడి మూల పెద్ద అక్షరాలతో, మంచి ఒంపుతో, ‘ఫల్గుణ, అరకు’ అని రాశాడు. సర్వేశ్వరరావు వెనక్కి జరిగి చూసి భేష్ అన్నాడు.

రెండు వారాల తర్వాత గంగ భయం భయంగా పటాన్ని తడిగుడ్డతో తుడిచింది. బొట్టు చెక్కుచెదరలేదు. మూలనున్న పేరు మొత్తం గుడ్డకి వచ్చేసింది. ఈసారి జీపు రాలేదు.